ఆర్డర్లో రాయని సరుకు

బట్టల షాపు చెత్త అనగానే అందరూ చేతికిచ్చే సంచి గురించే మాట్లాడతారు. అది ప్లాస్టిక్‌దా, కాగితందా, గుడ్డదా, దానికి విడిగా డబ్బు తీసుకోవచ్చా కూడదా అని. తనిఖీకి వచ్చిన అధికారులు వేళ్లతో నలిపి చూసేదీ దాన్నే. గోడౌన్లో పనిచేసేవాణ్ణి అడిగితే వేరే సంగతి చెబుతాడు. మీ చేతికొచ్చే సంచి మా చెత్తలో ఆఖరిది. దానికి ముందు పుట్టిందంతా వెనక గుమ్మం గుండా వెళ్లిపోతుంది, కొనేవాళ్ల కంట పడదు.

హైదరాబాదులో ఒక నాలుగంతస్తుల బట్టల షాపుకి నేను గోడౌన్ ఇన్‌చార్జిని. బేళ్లు విప్పే కుర్రాడిగా చేరాను. కొన్నాళ్లు చీరల సెక్షన్లో పరుపు మీద కూర్చుని చీరలు పరిచాను. మళ్లీ గోడౌన్‌కే వచ్చాను. మాకు చీరలు, డ్రెస్ మెటీరియల్ సూరత్ నుంచి వస్తాయి. బనియన్లు, టీషర్టులు, పిల్లల బట్టలు తిరుప్పూర్ నుంచి. బ్రాండు చొక్కాలు కంపెనీల డిపోల నుంచి. పోచంపల్లి, గద్వాల, మంగళగిరి చీరలు నేయించేవాళ్లే తెచ్చి ఇస్తారు. లారీ ఆఫీసు నుంచి దిగిన బేలుకి పైన నేసిన ప్లాస్టిక్ పట్టా, దాని కింద మందపాటి పాలిథీన్ షీటు, లోపల అట్టపెట్టెలు, పెట్టెల్లో కవర్లు, కవర్లలో బట్టలు. నేను చేరిన కొత్తలో చాలా బేళ్లకు పైన గోనెపట్టా ఉండేది, దబ్బనంతో వేసిన పురికొస కుట్టు ఉండేది. కుట్టు విప్పి గోనె మడిచి పెడితే సాయంత్రానికి ఎవరో ఒకరు అడిగి పట్టుకెళ్లేవాళ్లు. ప్లాస్టిక్ పట్టాను అలా అడిగేవాళ్లు తక్కువ. ఒకసారి కోస్తే పోగులు పోగులుగా ఊడిపోతుంది.

ఒక బ్రాండు ఫుల్‌హ్యాండ్స్ చొక్కా విప్పి బల్ల మీద పెడతాను, చూడండి. పైన కవరు. వీపు వైపు అట్ట. అట్టకీ గుడ్డకీ మధ్య పల్చటి టిష్యూ కాగితం. కాలరు లోపల చుట్టూ అద్దంలాంటి ప్లాస్టిక్ పట్టీ. పై గుండీ దగ్గర ఇంకో ప్లాస్టిక్ ముక్క, దాన్ని మేం బటర్‌ఫ్లై అంటాం. కాలరు మడత కింద ఒక అట్ట పట్టీ. చేతులు కదలకుండా బిగించడానికి క్లిప్పులో గుండుసూదులో నాలుగైదు. ధర ట్యాగు, బ్రాండు ట్యాగు, వాటిని వేలాడదీసే ప్లాస్టిక్ దారం, సైజు స్టిక్కరు, అదనపు గుండీ ఉన్న బుల్లి కవరు. ఖరీదైన చొక్కా అయితే వీటన్నిటి మీదా ఒక పెట్టె. ట్రయల్ రూములో ఒక్కసారి తొడిగి చూస్తే ఈ సామానంతా నేల మీద ఉంటుంది. ఆ చొక్కాను మళ్లీ కంపెనీ మడతలో పెట్టగల సేల్స్‌మన్ అంతస్తుకి ఒకడుంటే గొప్ప.

ఈ సామానంతటికీ మేం డబ్బు కట్టాం. కానీ ఏ బిల్లులోనూ అది కనబడదు. సరుకు ఆర్డరు కాగితం తీసి చూస్తే డిజైన్ నంబరు ఉంటుంది, రంగులు, సైజుల లెక్క, రేటు, ఎప్పటికి పంపాలి, ఎన్ని రోజుల్లో డబ్బు కట్టాలి, డ్యామేజీ వస్తే ఎవరిది బాధ్యత, అన్నీ ఉంటాయి. ప్యాకింగ్ గురించి ఒక్క వాక్యం ఉండదు. పంపేవాడికి ఎలా అలవాటైతే అలా పంపుతాడు. రేటులో కలిసిపోయి వస్తుంది కాబట్టి కొనేవాడికి ఊరికే వచ్చినట్టుంటుంది. అమ్మకాల వైపు ఎన్ని పోస్టర్లు అంటించినా ఈ కాగితం మారనంత కాలం గోడౌన్లో ఏమీ మారదని నా నమ్మకం.

చట్టం చూపు కూడా ఇక్కడి దాకా పెద్దగా రాలేదు. దుకాణంలో ఇచ్చే ప్లాస్టిక్ సంచి మందం 1999 నాటి నియమాల్లో 20 మైక్రాన్లు. 2016లో 50 చేశారు. 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. అయితే సరుకుని ముందే పెట్టి మూసిన కవరు ఈ సంచుల లెక్కలోకి రాదు. 2022 జులై 1 నుంచి నిషేధించిన వస్తువుల్లో స్వీట్ల పెట్టెల మీద, శుభలేఖల మీద, సిగరెట్ పెట్టెల మీద చుట్టే పల్చటి ఫిల్ము ఉంది. చొక్కా కవరు లేదు.

అలాగని కవరు తెలివితక్కువ పని అని నేననను. వానాకాలంలో లారీ టార్పాలిన్ కింద రెండు మూడు రోజులు ప్రయాణం చేసిన తెల్ల చొక్కాలు ఎలా వస్తాయో నాకు తెలుసు. కొత్త జీన్స్ పక్కన కవరు లేకుండా లేతరంగు టీషర్టు పెడితే నీలం అంటుకుంటుంది, అది ఉతికినా పోదు. చమ్కీ పనిచేసిన డ్రెస్సుల్ని ఒకదాని మీద ఒకటి ఉత్తగా పేరిస్తే ఒకదాని పూసకి ఇంకోదాని దారం తగులుకుని లాగేస్తుంది. అమెరికాలో పటగోనియా కంపెనీ కొన్నేళ్ల కిందట కవర్లు లేకుండా సరుకు పంపి చూసింది. దాదాపు 30 శాతం బట్టలు అమ్మడానికి పనికిరాకుండా పోయాయి. ఒక చొక్కా పాడైతే పత్తి, నీళ్లు, రంగు, కుట్టుకూలి అన్నీ పోయినట్టే. ఆ నష్టం ముందు కవరు ఎంత? అందుకే ముందు అడగాల్సింది ఈ కవరు ఏ పని చేస్తోంది అని. పని ఉంటే ఉంచాలి, లేదా ఆ పని ఇంకోలా చేయించాలి. చొక్కాలోని బటర్‌ఫ్లైని ఈ ప్రశ్న అడిగితే మటుకు జవాబు దొరకలేదు.

కొన్నిచోట్ల కవరు చేసేది మేలు కాదు, కీడు. పట్టుచీరను ప్లాస్టిక్‌లో పెట్టి నెలల తరబడి ఉంచితే లోపల చేరిన చెమ్మ బయటికి పోదు, జరీ నల్లబడుతుంది. మాది చీరాల, నేత ఇల్లు. మా ఇంట్లో చీరల్ని ఉతికిన తెల్ల గుడ్డలో కట్టి పెట్టేవాళ్లు. మూట విప్పి మడతలు మార్చి మళ్లీ కట్టేవాళ్లు. గద్వాల నుంచి వచ్చే చీరలు ఇప్పటికీ మాకు అలా మూటల్లోనే వస్తాయి. విచిత్రం ఏమిటంటే, అలా వచ్చిన చీరకు షాపులో మేమే కవరు తొడిగేవాళ్లం, రాక్‌లో అన్నీ ఒకేలా కనబడాలని. ప్యాకింగ్ తగ్గించాలనుకున్నాక అన్నిటికంటే ముందు ఆగింది ఆ పనే. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. ఇప్పుడు పట్టు సెక్షన్ రాక్‌లకు మలమల్ గుడ్డ తెరలున్నాయి, ఉతికి వాడుకుంటాం.

మిగతా వాటికి ఆర్డరు కాగితం దగ్గరికి వెళ్లాల్సిందే. మా షాపులో సరుకు ఎంపిక చేసే పర్చేజ్ మేనేజర్ వేరు, దాన్ని దించుకునే నేను వేరు. ఆయన విప్పిన పీసు శాంపిల్‌గా చూస్తాడు, నేను మూసిన బేలు చూస్తాను. ఇద్దరం కలిసి కూర్చుని తిరుప్పూర్ ఆర్డర్లో ప్యాకింగ్ పేరుతో కొన్ని లైన్లు రాయడం మొదలుపెట్టాం. పిల్లల టీషర్టులు, నిక్కర్లు పీసుకో కవరు కాకుండా సైజు వారీగా డజనుకి ఒక కవరు. పెద్దల టీషర్టుకి ఇంకో మడత. ఈ మడత సంగతి చిన్నదనుకుంటారు. 12 అంగుళాలకు 16 అంగుళాల కవరులో పట్టే టీషర్టును ఇంకోసారి మడిస్తే 9కి 12 కవరులో పడుతుంది. కాగితం మీద లెక్క వేసుకోండి, ప్లాస్టిక్ దాదాపు 44 శాతం తగ్గింది. మడత ఎక్కువైతే ముడత ఎక్కువ, పైన ఫ్లోర్‌లో స్టీమర్ పట్టాలి. ఆ కరెంటు, ఆ మనిషి టైము కూడా ఖర్చే. కాబట్టి హోజరీ బట్టకి సరే, లినెన్ చొక్కాకి వద్దు అని తేల్చుకున్నాం.

తిరుప్పూర్ సప్లయర్ నుంచి వచ్చిన మొదటి జవాబు సూటిగానే ఉంది: మీరు చెప్పినట్టే పంపుతాం, మరకలొస్తే మాది పూచీ కాదు. అతని కోణంలో అది న్యాయం. రంగు రంగు మధ్య ఒక కాగితం పెట్టాలని, తెల్లవి మటుకు విడిగా కట్టాలని, పైన షీటు చిరిగి ఉంటే లారీ ఆఫీసులోనే ఫొటో తీసి చెప్పాలని మాట్లాడుకున్నాక ఒప్పుకున్నాడు. బార్‌కోడ్ ఇంకో పేచీ. అప్పటిదాకా స్టిక్కరు కవరు మీద ఉండేది. కవరు పోతే ధర ఎక్కడ? విడిగా అమ్మే దుస్తుల మీద ఉండాల్సిన వివరాల్ని కేంద్రం 2022లో తగ్గించింది. తయారీదారు పేరు, చిరునామా, సైజు, ఎంఆర్‌పీ, ఫిర్యాదుకు ఫోను, ఈమెయిల్ ఉంటే చాలు. ఇవన్నీ ఒక ట్యాగు మీద పడతాయి. స్టిక్కరు ట్యాగు మీదికి మారింది.

మా యజమానిని ఒప్పించింది పర్యావరణం కాదు, ఆ మాట దాచుకోవడం దేనికి. బేలులో పీసులు ఎక్కువ పట్టాయి, లారీ కిరాయి తగ్గింది, విప్పి సర్దే పని పూట ముందే అయిపోతోంది. ఆయన రసీదులు పక్కపక్కన పెట్టి చూసుకుని, "ఇంకేం తగ్గించొచ్చు?" అని తనే అడిగాడు.

సూరత్‌తో అంత సులువుగా పడలేదు. అక్కడి చీరకి అట్ట, దాని మీద మోడల్ అమ్మాయి ఫొటో, జిప్పు కవరు, సెట్టుకి ఒక పెట్టె. ఆ ఫొటో కేటలాగే వాళ్ల అమ్మకం. ఊళ్లలో ఇంటిదగ్గర చీరలమ్మేవాళ్లకి ఆ కవరు మీది ఫొటో కావాలి, చీర విప్పకుండా చూపించవచ్చు. మా పరుపు మీద ఎలాగూ చీర విప్పి పరుస్తాం, మాకెందుకది? మాకు పంపే సెట్టులో ఒక్క చీరకి ఫొటో ఉంచి మిగతావి ఉత్త మడతలో పంపమన్నాం. చిన్న సప్లయర్లు విన్నారు. పెద్దవాళ్లు మీ ఒక్కరి కోసం ప్యాకింగ్ లైను మార్చం అన్నారు. గుండుసూదులు వద్దనేసరికి మటుకు అందరూ సరేనన్నారు. చెప్పులు విప్పి పరుపు దగ్గర నిలబడే సేల్స్ అమ్మాయిల పాదాలకు అవి ఎన్నిసార్లు దిగాయో వాళ్లనే అడగాలి.

ఇక కొనేవాళ్ల సంగతి. కౌంటర్ మీద విప్పి ఉన్న చొక్కా బాగుంటుంది, సైజు సరిపోతుంది, బిల్లు వేసే సమయానికి ఒక మాట వస్తుంది: "అన్నా, ఇది అందరూ ముట్టుకున్నది. కవర్లో ఉన్నది తియ్యండి." రెండూ ఒకే పెట్టెలోంచి పొద్దున వచ్చినవే. కవరు ఇక్కడ మురికి నుంచి కాపాడట్లేదు, కొత్తది అని ముద్ర వేస్తోంది. పండక్కి కొనేవాళ్లకి, ఇంకొకరికి పెట్టడానికి కొనేవాళ్లకి ఈ పట్టింపు ఎక్కువ. వాళ్లని తప్పుపట్టను, పసుపు పెట్టి కట్టుకునే కొత్త బట్ట కదా. అయితే పిల్లల బట్టల దగ్గర ఈ మాట దాదాపు వినబడదు. తల్లులు గుడ్డని వేళ్ల మధ్య పెట్టి చూస్తారు, మెడ కుట్టు లోపలి వైపు తిప్పి చూస్తారు. కవరుంటే వాళ్లే చింపేస్తారు. ఆర్డర్లలో కవర్లు తీసేయడం పిల్లల సెక్షన్ నుంచి మొదలుపెట్టింది అందుకే.

గోడౌన్లో నాకు ఇష్టమైన విద్య ఒకటుంది. దాన్ని భోలక్‌పూర్ నుంచి వచ్చే తుక్కు వ్యాపారి నేర్పాడు. కవర్లన్నీ ఒకటి కావు. రెండు చేతుల బొటనవేళ్లతో పట్టి లాగితే సాగేది ఒక జాతి, అది పాలిథీన్, ఎల్‌డీపీఈ. సాగకుండా గలగల మోగి, అంచున గాటు పడగానే సర్రున చిరిగేది ఇంకో జాతి, బీఓపీపీ అంటారు, పాలీప్రొపిలీన్. షాపు లైట్ల కింద తళతళలాడుతుందని చొక్కాలకి, చీరలకి అదే వేస్తారు. రెండూ ఒకే గోతంలో పడితే కరిగించేవాడికి పనికిరావు, లేదా అడుగు రేటుకి పోతాయి. రంగు అచ్చు ఉన్నది, కాగితం స్టిక్కరు అంటుకున్నది, బ్రౌన్ టేపు తగిలింది ఇంకా చవక. తెల్లగా, స్టిక్కరు లేకుండా, సాగే కవరు ఉంటే దాని రేటే వేరు. ముద్రలున్నది చివరికి నల్ల గుళికలై నల్ల పైపో చెత్త సంచో అవుతుంది. శుభ్రంగా ఉన్నది మళ్లీ తెల్ల ఫిల్ము కాగలదు. స్టిక్కరు ట్యాగు మీదికి మారడం వల్ల ఈ లాభం కూడా కలిసొచ్చింది. ఆర్డరు కాగితంలో ఇప్పుడు ఇంకో లైను ఉంది: కవరు వేయక తప్పకపోతే సాగేదే వెయ్యండి, అచ్చు వద్దు.

ఇక్కడే మా కుర్రాళ్లతో చిక్కొచ్చింది. అట్టలు, కవర్లు అమ్మిన డబ్బు మా షాపులో మొదట్నించీ గోడౌన్ కుర్రాళ్లది. ఏడాదంతా పోగై దసరాకి పంచుకుంటారు. వాళ్లలో పెద్దవాడు, వనపర్తి వైపు నుంచి వచ్చినవాడు, ఒకరోజు నిలదీశాడు. "గిట్ల కవర్లు తగ్గిస్తే మా దసరా పైసలు తగ్గుతయ్ గదన్నా?" అన్నాడు. నిజమే, చెత్త తగ్గిస్తే మొదట కోత పడేది షాపులో అందరికంటే తక్కువ జీతం ఉన్నవాళ్ల మీద. పర్యావరణం గురించి మాట్లాడే సభల్లో ఈ మాట ఎవరూ అనగా నేను వినలేదు. లారీ కిరాయిలో మిగిలిన దాన్నుంచి దసరాకి ఒక మొత్తం ఇవ్వాలని యజమానితో మాట్లాడాను. బేరం అయ్యాక ఒప్పుకున్నాడు. సాగేవీ మోగేవీ వేరు చేసి పెట్టినందుకు పెరిగిన రేటు కూడా వాళ్లదే. అప్పటి నుంచి స్టిక్కర్లు పీకడం దగ్గర వాళ్లు నాకంటే కచ్చితంగా ఉంటున్నారు.

మట్టిలో కలిసిపోయే కవర్లంటూ అమ్మేవాళ్లు కూడా వచ్చారు. తిరుమలలో లడ్డూల కోసం హైదరాబాద్ డీఆర్‌డీఓ ప్రయోగశాల తయారుచేసిన సంచులు 2021లో మొదలయ్యాక ఈ మాట బాగా వ్యాపించింది. లడ్డూ సంచి పని ఒకటి రెండు రోజులది. మా కవరు గోడౌన్ వేడిలో ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది ఉండాలి. పైగా ఆ కవరు మిగతా పాలిథీన్‌లో కలిస్తే తుక్కు వ్యాపారి మొత్తం గోతం వెనక్కి తోసేస్తాడు. శాంపిళ్లు తీసుకుని థ్యాంక్స్ చెప్పి పంపేశాం.

సంచి గురించి అంతగా చెప్పేది లేదు గానీ, ఒకటి రెండు చెప్పక తప్పదు. నాన్ ఓవెన్ సంచిని జనం గుడ్డ సంచి అంటారు. అది పాలీప్రొపిలీన్, అచ్చమైన ప్లాస్టిక్. తళతళలాడే కాగితం సంచికి పైన ప్లాస్టిక్ పొర ఉంటుంది, దాన్ని కాగితంగా ఎవరూ కొనరు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో లెక్క వేసింది: భూతాపం వరకే చూస్తే, ఒకసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ సంచితో సమానం కావాలంటే కాగితం సంచిని 3 సార్లు, నాన్ ఓవెన్‌ని 11 సార్లు, నూలు సంచిని 131 సార్లు వాడాలి. పల్చటి సంచి కాలవల్లో పడి చేసే చేటు ఆ లెక్కలో లేదు, అది వేరే సంగతి. కానీ పెళ్లి సీజన్లో ప్రతి బిల్లుకీ కొత్త నూలు సంచి ఇచ్చి మేం మంచిపని చేస్తున్నామని బోర్డు పెట్టుకోవడం నాకు మింగుడుపడదు. మీ ఇంట్లో తలుపు వెనక మేకుకి అలాంటివి ఎన్ని వేలాడుతున్నాయో చూసుకోండి. మేం చేసిందల్లా నాలుగు అంతస్తుల బిల్లులకీ కింద ఒకటే డెలివరీ కౌంటర్ పెట్టి, అంతస్తుకో సంచి ఇచ్చే పద్ధతి తీసేయడం. సంచులు అక్కడే చాలా తగ్గాయి. పెళ్లి పట్టుచీరకి పెట్టె జోలికి మటుకు పోలేదు. "అంత పెట్టి కొంటే పెట్టె ఇవ్వరా?" అని అమ్మాయి తల్లి అడిగితే ఎదురు చెప్పే ధైర్యం మా ఫ్లోర్ మేనేజర్‌కి లేదు, నాకూ లేదు.

మళ్లీ కవర్ల దగ్గరికి వస్తే, 2022 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం, సొంత బ్రాండు పేరుతో అమ్మేవాళ్లు తమ ప్యాకింగ్ ప్లాస్టిక్‌కి తామే బాధ్యులు. సూక్ష్మ, చిన్న సంస్థల్ని మినహాయించి రిటైల్ చెయిన్లూ ఇందులోకి వస్తాయి. మాకు పిల్లల బట్టల్లో సొంత బ్రాండు ఉంది. ఎంత ప్లాస్టిక్ వాడామో బరువులో చెప్పాలి. అప్పుడు గానీ షాపులో ఎవరికీ కవరుని తూచాలని తట్టలేదు. బంగారం కొట్టు నుంచి చిన్న త్రాసు అరువు తెచ్చి తూచాం.

ఇప్పుడు సప్లయర్లందర్నీ బిల్లుతో పాటు ప్యాకింగ్ బరువు కూడా రాసి పంపమంటున్నాం. మా సూరత్ ఏజెంటు ఫోన్లో పెద్దగా నవ్వాడు. చీర బరువే ఎవరూ అడగరు, కవరు బరువు అడుగుతున్నారేంటి భాయ్ అన్నాడు. అయినా పంపుతున్నాడు. అతను రాసిన అంకెలు మా త్రాసుతో కలవడం లేదు, ప్రతిసారీ తక్కువే రాస్తున్నాడు. దీపావళి సరుకు వచ్చినప్పుడు అతన్నే గోడౌన్‌కి పిలిచి, అతని ముందే తూచి చూపిద్దామని పర్చేజ్ మేనేజర్ అంటున్నాడు.